చెయ్యి దాచిన బొమ్మ

నేను బొమ్మలు వేయడం మొదలుపెట్టి పదేళ్ళయింది. మొన్న పాత స్కెచ్ పుస్తకాలన్నీ అటక మీద నుంచి దింపి వరసగా తిరగేశాను. మనుషుల బొమ్మలు మూడొందలకి పైనే ఉన్నాయి. రెండు చేతులూ పది వేళ్ళతో కనపడే బొమ్మ ఒక్కటి కూడా లేదు. ఒకమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంటుంది. ఒకావిడ చెయ్యి పైట కింద ఉంటుంది. ఒకాయన జేబులో పెట్టుకున్నాడు. పూలబుట్టలు, పుస్తకాలు, దుప్పట్లు, పిల్లి, గొడుగు... చేతికి అడ్డం పెట్టడానికి నాకు దొరకని వస్తువు లేదు.

చేతులు వేయడం రాదని నాకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసే దాస్తున్నానని ఒప్పుకోడానికి మాత్రం శ్రీకాళహస్తి దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. అక్కడే బొమ్మల మీద ఇష్టం పుట్టింది, అక్కడే టెన్షన్ కూడా పుట్టింది. రామారావు గారు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన గీత చూసి ముచ్చటపడి, ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారట. చదువుకుని వచ్చి, సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టి, పదిమందికి నేర్పి, అన్ని బొమ్మలు వేసి, ఇవన్నీ ఆ వయసు లోపలే. నాకిప్పుడు ఇరవై మూడు. ఆ గోడల ముందు నిలబడిన ప్రతిసారీ లెక్క వేసుకునేదాన్ని, నాకింకా ఎన్నేళ్ళు మిగిలాయని.

నిజమైన ఆర్టిస్టు అంటే ఎవరనే ప్రశ్న అలా తగులుకుంది. స్కూల్లో ఉన్నప్పుడు, పుట్టుకతో వచ్చినవాళ్ళే అనుకున్నాను. బీటెక్‌లో ఉన్నప్పుడు, దాని మీదే బతికేవాళ్ళు అనుకున్నాను. ఆ లెక్కన నేను ఎప్పటికీ కాను, ఎందుకంటే మా ఇంట్లో ఉద్యోగం మానేసి బొమ్మలు వేసుకుంటానంటే ఒప్పుకునే పరిస్థితి లేదు. తర్వాత ట్యాబ్ కొనుక్కుని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మొదలుపెట్టాక, చూసినవాళ్ళు ఎవరి బొమ్మో పేరు చూడకుండా గుర్తుపడితే వాళ్ళే ఆర్టిస్టు అనుకున్నాను. 'నీ స్టైల్ భలే ఉంటుంది, మనుషులు ఏదో ఆలోచిస్తున్నట్టు, ముడుచుకున్నట్టు ఉంటారు' అని ఒకమ్మాయి రాసింది. ఆ మాట నేను చాలా రోజులు దాచుకున్నాను. వాళ్ళు ముడుచుకున్నది నాకు వేళ్ళు వేయడం రాక. దాన్ని నా స్టైల్ అని నేనే నమ్మేశాను.

ఈ జనవరిలో ఒక ఉద్యోగం మానేసి ఇంకోదానిలో చేరేలోపు మూడు వారాలు ఖాళీ దొరికింది. కలంకారీ నేర్చుకుంటానని ఇంట్లో చెప్పి, సంక్రాంతి వెళ్ళగానే బయల్దేరాను. బందరు మాకు దగ్గరే, కానీ అక్కడా పెడనలోనూ చేసేది ఎక్కువగా చెక్క అచ్చులతో అద్దకం. నాకు చేత్తో గీసేది కావాలి. దానికి శ్రీకాళహస్తే వెళ్ళాలి. తెలిసినవాళ్ళ ద్వారా ఒక మాస్టారి దగ్గర మాట్లాడుకున్నాను. అరవై దాటిన మనిషి. ఇంటి ముందు వసారాలోనే పని. ఆయనా, ఆయన దగ్గర రంగులు నింపే ఇద్దరు ఆడవాళ్ళూ, కాలేజీకి పోతూ పొద్దున సాయంత్రం కూర్చునే ఒక కుర్రాడూ. నేను గుడి దగ్గర లాడ్జిలో దిగాను. అక్కడ దిగినవాళ్ళందరూ రాహుకేతు పూజకి వచ్చినవాళ్ళే. ఏ పూజ టికెట్టు తీసుకున్నావని లాడ్జి ఆయన రెండు రోజులు అడిగారు.

మొదటి రోజు గీత లేదు, గుడ్డ పనే. గాడా అనే ముతక నూలు గుడ్డని గంజి పోయేలా రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఉతికారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి పిండి ఎండలో వేశాం. ఆరాక గుడ్డ లేత పసుపు రంగుకి తిరిగింది, పాలవాసన మాత్రం పోలేదు. పాలలో కొవ్వు ఉండబట్టి గీసిన గీత చెదరదు. కరక్కాయలో వగరు ఉండబట్టి కసిమి నల్లగా పడుతుంది. కసిమి అంటే తుప్పు ఇనుము ముక్కలు, బెల్లం, తాటిబెల్లం కుండలో నీళ్ళు పోసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవం. కుండలో చూస్తే గోధుమరంగు నీళ్ళలా ఉంటుంది. గుడ్డ మీద పెట్టినప్పుడు కూడా మొదట వెలిసిపోయినట్టే ఉంటుంది. మనం చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుమూ వగరూ కలిసి నలుపు పుడుతుందన్న మాట. అది చూడటానికి మొదటి రోజు నేను ఊరికే ఒక పాత పేలిక మీద చుక్కలు పెడుతూ గంటసేపు కూర్చున్నాను.

కలం కూడా అక్కడే కట్టుకోవాలి. వెదురు పుల్ల కొన చెక్కి, కొంచెం పైన పాత ఉన్ని గుడ్డ పేలిక చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని కసిమిని పీల్చుకుని పట్టుకుంటుంది. వేలితో మెల్లగా నొక్కితే కొనకి దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, తక్కువ నొక్కితే గీత మధ్యలో ఎండిపోతుంది. ట్యాబ్ మీద నేను ఒక్క గీతకి ఇరవై సార్లు అన్‌డూ కొడతాను. ఇక్కడ పడింది పడినట్టే ఉంటుంది. నాలుగు రోజులు తీగలు, ఆకులు, అంచులు, నెమలి మెడ, ఇవే గీయించారు. నా చెయ్యి త్వరగానే కుదురుకుంది. మాస్టారు ఏమీ అనలేదు కానీ, ఐదో రోజు రెండడుగుల గుడ్డ ఇచ్చి, నీకు నచ్చింది వేసుకో పాపా అన్నారు.

చెట్టు కింద నిలబడిన అమ్మాయి వేశాను. భుజం మీద చిలక, పైన కొమ్మలు, కింద తీగల అంచు. ముందు చింతబొగ్గుతో గీసుకుంటారు, అది దులిపితే పోతుంది. ఎడమ చెయ్యి నడుం వెనక్కి పంపేశాను. కుడి చెయ్యి చిలక వైపు లేపాలి. మూడుసార్లు గీశాను, మూడుసార్లు దులిపాను. నాలుగోసారి ఆ చెయ్యి ఉండాల్సిన చోట కొమ్మ నుంచి ఒక పెద్ద పువ్వు వాల్చాను. తొమ్మిది రేకుల పువ్వు, చుట్టూ ఆకులు. బాగా కుదిరింది. నిజం చెప్పాలంటే బొమ్మ మొత్తంలో అదే అందంగా వచ్చింది. మర్నాడు కసిమితో దిద్దేశాను. కాలేజీ కుర్రాడు ఆ పువ్వు ఫోటో తీసుకున్నాడు. రంగులు నింపే అక్క కూడా పువ్వు బాగుంది అంది.

సాయంత్రం మాస్టారు వచ్చి గుడ్డ ముందు గొంతుక్కూర్చున్నారు. ముఖం చూశారు, చిలకని చూశారు, అంచు చూశారు. తర్వాత చూపుడు వేలు తెచ్చి పువ్వు మధ్యలో పెట్టారు.

"చెయ్యి రాలేదని పువ్వు పెట్టినావు కదా పాపా."

నేను అవునని కూడా అనలేకపోయాను.

"బొగ్గుతో వేసినప్పుడే చూసినా. నీకు తెలుసు కదా, నువ్వే తుడుస్తావులే అనుకుంటి."

అంతే. లేచి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళిపోయారు. కోపం లేదు, ఎగతాళి లేదు. ఆయన తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేదాన్ని. 'నీకు తెలుసు కదా' అన్నాక చెప్పుకోడానికి ఏముంటుంది? ఆ రాత్రి లాడ్జిలో ఫోన్ తీసి నా బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. గొడుగు, పిల్లి, పైట. ఏ బొమ్మలో ఏ వస్తువు ఎందుకు పెట్టానో అన్నీ గుర్తున్నాయి. మనం చేసిన పనిలో ఎక్కడ తప్పించుకున్నామో మనకి గుర్తుండకుండా పోదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదట్లో కంప్యూటర్ తనంతట తాను తయారుచేసే బొమ్మల్లో వేళ్ళు తేడాగా వచ్చేవి, ఆరేసి, ఏడేసి. నాలాంటి వాళ్ళం అందరం అవి చూసి ధైర్యం తెచ్చుకున్నాం. ఇప్పుడు అవీ చాలావరకు సరిదిద్దేశారు. ఆరు వేళ్ళు వేసినప్పుడు ఆ యంత్రం ఏమీ దాచలేదు, తప్పు వేశానని దానికి తెలిసి ఉండదు. నాకు ప్రతిసారీ తెలుసు. తెలిసీ ఇంకొకరికి కనపడకుండా చేయడానికి నా శ్రద్ధంతా వాడాను. ఆ తొమ్మిది రేకుల మీద పెట్టిన శ్రద్ధ వేళ్ళ మీద పెడితే ఎప్పుడో వచ్చి ఉండేవి.

మర్నాడు వెళ్ళకూడదనుకున్నాను, కానీ వెళ్ళాను. పటిక పని మొదలైంది. ఎరుపు రావాల్సిన చోటల్లా పటిక నీళ్ళు పూయాలి. చీర, చిలక ముక్కు, పువ్వు. ఆ నీళ్ళకి చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు, ఆరాక ఎక్కడ పూశామో సరిగా కనపడదు. కనపడని రంగు పూసినట్టు ఉంటుంది. ఎరుపు తర్వాత ఉడకబెట్టినప్పుడే బయటపడుతుంది. అందుకని పూసి, ఆరబెట్టి, ఆ తర్వాత పారే నీళ్ళలో బాగా జాడించాలి. గుడ్డ పట్టుకున్న పటిక ఉండిపోతుంది, మిగిలింది నీళ్ళలో పోవాలి. పోకపోతే అది పక్కకి పాకి, ఉడికేటప్పుడు అక్కడ కూడా ఎరుపు అంటుకుంటుంది.

స్వర్ణముఖిలో ఏడాది పొడుగునా నీళ్ళుండవు. అప్పుడు మాత్రం ఒక పాయ పారుతోంది. రంగులు నింపే ఇద్దరిలో పెద్దామెతో కలిసి వెళ్ళాను. అక్క అని పిలిచేదాన్ని. ఆమె పదకొండు గుడ్డలు తెచ్చింది, నాది పన్నెండోది. మోకాళ్ళ లోతులో నిలబడి గుడ్డని పారేవైపు వదులుతారు, మడత పెట్టకూడదు, పిండకూడదు. నాది నేనే జాడించి గట్టు మీద పరిచాను. ఎండ మండుతోంది, అక్క కూడా ముగించింది. ఇక వెళ్దాం అనుకుంటుంటే ఆమె అన్ని గుడ్డల అంచులూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూస్తూ వచ్చింది. నా గుడ్డ దగ్గర ఆగింది. కింది మూల మళ్ళీ రుద్దింది.

"ఇక్కడ ఇంకా ఉండాది" అని, తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

నేను వేలు పెట్టి చూశాను. నాకు ఏమీ తెలియలేదు. తడిగుడ్డలాగే ఉంది. పర్వాలేదు అక్కా, నాది నేర్చుకోడానికి వేసిందే కదా, అమ్మేది కాదు కదా అన్నాను. ఆమె నా వైపు తిరిగి చూసింది కానీ జవాబు చెప్పలేదు. ఆ మూల ఒక్కటే నీళ్ళలో ఆడిస్తూ పది నిమిషాలు నిలబడింది. ఆమె గీత గీయదు. బొమ్మ కింద ఆమె పేరు ఉండదు. ఆ మూల ఎర్రబడినా అది ఎవరి పొరపాటో ఎవరికీ తెలియదు, నేనైతే ఎండ వల్లో నా పూత వల్లో అనుకునేదాన్ని. అయినా ఆమె వేళ్ళకి తెలిసింది కాబట్టి దిగింది.

ఆర్టిస్టు అనే మాట చెప్పగానే నా కళ్ళ ముందు ఇన్నాళ్ళూ గీసే మనిషే ఉండేవాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి నిలబడిన ఆమెని చూస్తుంటే ఆ మాట ఆమెకే ఎక్కువ సరిపోతుందనిపించింది. మాస్టారికీ ఆమెకీ ఒకే గుణం ఉంది. తప్పు ఎక్కడుందో తెలిశాక దాని మీద నుంచి చూపు తప్పించుకోలేరు. నాకూ తెలుస్తుంది, కానీ నేను తప్పించుకోగలను. పుట్టుకా, బతుకుతెరువూ, స్టైలూ అని నేను పదేళ్ళు కొలిచిన కొలతలేవీ ఈ తేడాని పట్టుకోవు. రామారావు గారి గోడల ముందు నిలబడి వయసు లెక్కపెట్టుకున్నన్నాళ్ళూ ఆయన వేసిన వేళ్ళని నేను ఒక్కసారి కూడా దగ్గరికి వెళ్ళి చూడలేదు.

మర్నాడు రాగి కాగులో ఎరుపు పెట్టారు. ఎరుపు రంగు దిగే చవలికొడి, సురుడు చెక్క లాంటివి వేసి, గుడ్డలు దించి, కర్రతో కలియతిప్పుతూ మెల్లగా మంట పెంచుకుంటూ పోతారు. మొదట గుడ్డంతా గులాబీ రంగులో అలుక్కుపోయినట్టు ఉంటుంది. తర్వాత పేడ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఇసుకలో ఎండకి పరిచి నీళ్ళు చల్లుతూ ఉంటే పటిక తగలని చోట రంగు విరిగి మెల్లగా తెల్లబడుతుంది. పటిక ఉన్నచోట ఎరుపు నిలబడుతుంది. మూడో రోజుకి నా గుడ్డ తేరుకుంది. కింది మూల తెల్లగా వచ్చింది. కుర్రాడు వేసిన ఒక నెమలి గుడ్డలో తోక పక్కన అరచేయంత ఎర్రటి మచ్చ మిగిలిపోయింది, అది ఇంక పోదు.

ఈలోపు ఎండబెట్టే రోజుల్లో నాకు పని ఉండదు. మాస్టారిని ఒక పాత గుడ్డ అడిగి తీసుకుని చేతులు వేయడం మొదలుపెట్టాను. ఆయన ఇంటి గోడకి కన్నప్ప బొమ్మ ఉంది. కథ అందరికీ తెలిసిందే. శివుడి కంట్లోంచి నెత్తురు కారుతుంటే తిన్నడు తన కన్ను పీకి పెడతాడు, రెండో కంటి నుంచి కూడా కారితే ఆ చోటు తెలియడానికి కాలివేలు ఆనించి, రెండో కంటికి బాణం ఎత్తుతాడు. ఆ ఊరి కొండ మీద కన్నప్ప గుడి కూడా ఉంది. ఆ బొమ్మలో అందరూ కన్నుని చూస్తారు. నేను బాణం పట్టుకున్న పిడికిలిని చూశాను. నాలుగు వేళ్ళకి నాలుగు వంపులు, బొటనవేలు వాటి మీదకి వచ్చి ఆగింది, గోళ్ళు చిన్న చిన్న అర్ధచంద్రాలు. మొత్తం ఏడెనిమిది గీతలు. ఒక్కటి కూడా ఎక్కువ లేదు.

అది చూసి వేస్తూనే ఉన్నాను. మాస్టారు పక్కన కూర్చుని నా కలం తీసుకుని వేళ్ళ మొదళ్ళ దగ్గర చిన్న వంపు చూపించారు. వేళ్ళు అరచేతి అంచు నుంచి తిన్నగా మొదలవ్వవు, విల్లులా ఉన్న వరస మీద నుంచి మొదలవుతాయి. పదేళ్ళు ఈ ఒక్క ముక్క నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు కాబట్టి తెలియలేదు.

ఆ రోజు టీ తాగుతూ ఆయన ఈ చేతిపనికి ఒకప్పుడు అన్నం పెట్టే శక్తి లేకుండా పోయిందని, కమలాదేవి చటోపాధ్యాయ గారి పూనికతో 1950ల్లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చాకే మళ్ళీ పిల్లలు కలం పట్టారని చెప్పారు. ఈ ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిన సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. మీరెప్పుడైనా తప్పు తెలిసీ వదిలేశారా మాస్టారూ అని ఉండబట్టలేక అడిగాను.

కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "ఒకటి ఉండాది. మా పెద్దకూతురు పెండ్లికి దుడ్లు కావాల్సొచ్చింది. సీతమ్మ మోచేయి పొట్టిగా పడింది. చూస్తానే తెలిసింది. మళ్ళీ వేసేదానికి టైము లేదు. గాజులు నిండుగా వేసి ఇచ్చేసినా. కొన్నాయన ఏ ఊరో కూడా తెలీదు. ఇప్పటికీ ఎవురన్నా గాజులేస్తా ఉంటే గుర్తొస్తాది."

ఆయన ఎన్ని వందల బొమ్మలు వేశారో నాకు తెలియదు. గుర్తున్నది ఆ మోచేయి.

చివరి వారం రెండో గుడ్డ అడిగాను. అదే అమ్మాయి, అదే చెట్టు. ఈసారి చిలక భుజం మీద లేదు, చాపిన అరచేతి మీద దిగబోతోంది. బొగ్గుతో వేయడానికి రెండు రోజులు పట్టింది. కసిమి దిద్దేటప్పుడు వేళ్ళు నాలుగూ బాగానే కుదిరాయి. బొటనవేలి దగ్గర ఉన్ని నొక్కు ఎక్కువై గీత ముందుకి జారింది. ఒక ధాన్యపు గింజంత. చూస్తుండగానే నల్లబడింది. పక్కనే కొమ్మ ఉంది, ఒక ఆకు వాల్చితే సరిపోతుంది. కలం కొన ఆ ఆకు దాకా వెళ్ళింది కూడా. తీసి పక్కన పెట్టేశాను.

మాస్టారు చూసి, వేలు పెట్టలేదు. పసుపుకి కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు కలిపి ఇచ్చి, ఎండ పోకముందే నింపెయ్ అన్నారు. అక్క ఆకుల్లో పసుపు మీద నీలం పెట్టి ఆకుపచ్చ చేయడం చూపించింది.

మొదటి గుడ్డ మడతపెట్టి బీరువాలో ఉంది. రెండోది మా హాల్లో, టీవీ పైన గోడకి కొట్టాను. పెట్టిన రోజు అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది. చీర బాగుందంది, చిలక బాగుందంది. తర్వాత దగ్గరికి వెళ్ళి బొటనవేలి మీద వేలు పెట్టింది.

"ఇదేంటే, ఇది కాస్త పొడుగైనట్టుంది?"

"అవునమ్మా. తెలుసు."